అప్పడాల డబ్బాలో జాజ్

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందుగదిలో గోడ పొడవునా ఉన్న అద్దాల బీరువాలు చూసి, "మందుల షాపు ఏమైనా పెట్టారా?" అని అడుగుతుంటారు. ఒకే సైజు పెట్టెలు, వరసగా, అంకెలు వేసి ఉంటాయి గనక ఆ అనుమానం సహజమే. అవి మందులు కావు, జాజ్ సంగీతం సి.డి.లు. ఈ సంక్రాంతికి లెక్కపెడితే 2,300 దాటాయి. బరంపురంలో ఒక తెలుగింట్లో అమెరికా నల్లజాతివారి సంగీతం ఇంతగా ఎలా చేరిందో రాయమని మన పత్రిక సంపాదకులు అడిగారు. "ఎలా పోగుచేశారు, ఎలా దాచారు, ఎలా వింటారు, మూడూ చెప్పండి" అన్నారు. అలాగే చెబుతాను. కాకపోతే దాచడంలో నా అంత జాగ్రత్తపరుడు లేడని నాకు ఒకప్పుడు కొంచెం గర్వం ఉండేది. 2013 అక్టోబరు 12 రాత్రి ఆ గర్వం పోయింది. దాన్ని దాచకుండా చెప్పడమే న్యాయం.

రేడియోలో పట్టుకున్న పిచ్చి

నేను కళ్ళికోట కాలేజీలో చదివే రోజుల్లో, అంటే 1960ల చివర్లో, మా ఇంట్లో నాన్నగారి వాల్వు రేడియో ఒకటి ఉండేది. సాయంత్రం తెలుగు కోసం విజయవాడ, విశాఖపట్నం స్టేషన్లు, ఒరియా కోసం కటక్. అందరూ పడుకున్నాక రేడియో నాది. ఒక రాత్రి షార్ట్‌వేవ్‌లో ముల్లు తిప్పుతుంటే వాయిస్ ఆఫ్ అమెరికా తగిలింది. ఒకాయన బొంగురు గొంతుతో, ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా, ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెబుతున్నాడు. ఆయనే విల్లిస్ కనోవర్. 1955లో మొదలుపెట్టి 1996లో కన్నుమూసేదాకా ప్రపంచమంతటికీ జాజ్ వినిపించిన మనిషి.

మొదట్లో అదంతా గోలగానే తోచింది. నాన్నగారు పక్కగదిలోంచి "ఎవర్నిరా కొడుతున్నారు?" అని అడిగారు కూడా. నాలుగైదు రాత్రులు విన్నాక ఒక సంగతి గమనించాను. ముందు అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు. తరవాత ఒక్కొక్కరూ వంతులవారీగా అదే పాట లెక్క మీద, అప్పటికప్పుడు తమ సొంత కల్పనతో వాయిస్తారు. చివరికి మళ్ళీ అందరూ కలిసి మొదటి పాటకే వస్తారు. మా అమ్మ కీర్తనలు పాడేది గనక కల్పనస్వరాలు పాడి పల్లవి ఎత్తుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మనవాళ్ళు మనోధర్మం అనేదాన్నే వీళ్ళూ చేస్తున్నారు! మనకు రాగం హద్దు. వాళ్ళకు, స్వరాలను గుత్తులుగా కలిపి మోగించే 'కార్డ్స్' వరస హద్దు. అది తెలిశాక ఇక గోల అనిపించలేదు.

ఇంకో సంగతి. జాజ్ పుట్టిన న్యూ ఆర్లియన్స్‌లో బాకాలు, డోళ్ళతో వీధుల్లో ఊరేగడం ఉంది. శవం వెంట కూడా బ్యాండు నడుస్తుంది. రెండేళ్ళకొకసారి మన ఊళ్ళో ఠాకురాణి యాత్ర జరిగేటప్పుడు వేషాల వెనక వాద్యాలతో నడిచినవాడికి, వీధిలోంచి సంగీతం పుట్టిందంటే ఆశ్చర్యం ఎందుకు?

పోగుచేయడం

బ్యాంకు ఉద్యోగంలో చేరాక కొన్నాళ్ళు కలకత్తాలో ఉన్నాను. ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డులు అమ్మే కొట్ల ముందు నా ఆదివారాలు గడిచాయి. ఎల్.పి.లు కొనే తాహతు తక్కువ, చూసే తీరిక ఎక్కువ. సి.డి. 1982లో మార్కెట్లోకి వచ్చినా నా చేతికి రావడానికి పదేళ్ళు పట్టింది. మా బావమరిది దుబాయి నుంచి ప్లేయరు, దానితో పాటు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' పట్టుకొచ్చాడు. అదే నా ఒకటో నంబరు.

విదేశీ సి.డి. ఒక్కొక్కటి నాలుగైదు వందలు పలికే రోజులవి. మా ఆవిడ ఒక షరతు పెట్టింది: "మీరు ఎంతకి కొంటే అంత నా పోపుల డబ్బాలో వెయ్యండి." ఆ షరతు వల్ల సి.డి.లు నెమ్మదిగా పెరిగాయి. పోపుల డబ్బా నిండి రెండో అమ్మాయి పెళ్ళికి గాజులయ్యాయి. కలకత్తా మెయిలెక్కి దాదాపు 600 కిలోమీటర్లు వెళ్ళి పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్‌లో కొనుక్కొచ్చేవాణ్ణి. ఆ షాపు 2013లో మూతపడింది. తరవాత పిల్లలు విదేశాల నుంచి తెచ్చినవే ఎక్కువ.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఒకటే. అట్ట చూసి కొనకండి, పక్కవాద్యాలు చూసి కొనండి. మన కచేరీలో వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని అడుగుతాం కదా, అలాగే. 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959లో రెండు రోజుల్లో రికార్డు చేశారు. అందులో ట్రంపెట్ మైల్స్ డేవిస్, శాక్సఫోన్లు జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ, ఎక్కువ పాటలకు పియానో బిల్ ఎవాన్స్. ఈ పేర్లు పట్టుకుని ఒక్కొక్కరి సొంత రికార్డులు వెతికితే ఒక సి.డి. పదిటికి దారి చూపుతుంది. ఆ పేర్లన్నీ ఉండేది పెట్టె లోపలి చిన్న పుస్తకంలో. అందుకే జాజ్‌లో ఆ పుస్తకం విలువ ఎక్కువ. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

వినడం

మా వీధి చివర లెక్కల మాస్టారు ఒకరుండేవారు. ఒరియావారు. తెలుగు బాగా అర్థమవుతుంది, ఒరియాలోనే జవాబిస్తారు. బరంపురంలో ఇది మామూలే గదా. మా ఇంటి ముందు వెళుతూ ఒకనాడు ఆగి, "భాయీ, ఆ పాట అయిదు దెబ్బల లెక్కలో ఉంది, కాదూ?" అన్నారు. అది 1959లో వచ్చిన 'టేక్ ఫైవ్'. పాల్ డెస్మండ్ కట్టిన పాట, డేవ్ బ్రూబెక్ బృందం వాయించినది. మన ఖండచాపు రెండూ మూడూగా నడిస్తే ఇది మూడూ రెండుగా నడుస్తుంది. అంత తేడా గోడ అవతల నుంచి పట్టిన మనిషిని లోపలికి పిలవకుండా ఎలా ఉంటాను? ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం అయిదుకి ఆయన మా ఇంట్లోనే.

మా పద్ధతి చిన్నది. వారానికి ఒక్క సి.డి. మొదటిసారి మాట్లాడకుండా వినాలి. కాఫీ తరవాత ఒక పాట ఎంచుకుని, ఒక్క వాద్యాన్నే పట్టుకుని మళ్ళీ వినాలి. 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మొదటి పాట అలా విన్నప్పుడే, దాని స్వరాలు మన ఖరహరప్రియవేనని తేలింది. మధ్యలో ఎనిమిది ఆవర్తాలు మొత్తాన్నీ అర స్వరం పైకి జరిపి మళ్ళీ దింపుతారు. మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టి చెబితే గాని నాకు తెలియలేదు.

జాజ్ మనకు మరీ దూరపు చుట్టమేమీ కాదు. బ్రూబెక్ 1958లో మన దేశం వచ్చి వెళ్ళి 'కల్కటా బ్లూస్' అని ఒక పాట చేశాడు. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ బృందం పర్యటనలో హైదరాబాదు కూడా ఉంది. మన పాలకొల్లు కుర్రవాడు మాండొలిన్ శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి అక్కడివాళ్ళని నోరెళ్ళబెట్టించాడు. తరవాత 'రిమెంబర్ శక్తి'లో గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నాడు. 2014లో ఆయన పోయినప్పుడు రెండు ఆదివారాలు ఆయన సి.డి.లే విన్నాం.

మాస్టారికి ఒక అలవాటుండేది. నోటుపుస్తకంలో తేదీ, సి.డి. నంబరు, లోపలి పుస్తకం చూసి వాయించినవారి పేర్లు, చివర ఒక వాక్యం తన అభిప్రాయం, అన్నీ ఒరియాలో రాసుకునేవారు. "పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఇదెందుకు మాస్టారూ? అన్నీ పెట్టెల్లో ఉన్నాయి కదా" అని నవ్వేవాణ్ణి.

దాచడం

గోపాల్‌పూర్ సముద్రం మనకు పదహారు కిలోమీటర్లు. ఉప్పుగాలి, వానాకాలపు చెమ్మ మనకు కొత్త కాదు. సి.డి.కి కూడా బూజు పడుతుందంటే నమ్ముతారా? 2001లో మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి వచ్చిన ఒక సి.డి.ని బూజు తినేసిందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

చెమ్మ సంగతి నాకు నేర్పింది మా ఆవిడ. బరంపురం అప్పడాలకు పేరున్న ఊరు. అప్పడాన్ని మెత్తబడకుండా దాచడం వచ్చిన ఇల్లాలికి సి.డి. ఒక లెక్కా? బీరువా తలుపులకు రబ్బరు అంచు వేయించింది. మందు సీసాల్లో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి అరకి నాలుగు చొప్పున పెట్టింది. నీలం రంగు గుళ్ళు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడేది. మిగతా జాగ్రత్తలు నావి: సి.డి.లు నిలువుగానే పెట్టాలి, ఎండ తగలకూడదు. తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకి తుడవాలి. పేరు రాసిన వైపు గీత పడితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే సమాచారం ఉండే పొర ఆ వైపుకే దగ్గర. మీటరు అరకి సుమారు 95 పెట్టెలు పడతాయి.

1999 అక్టోబరు 17న గంజాం తీరాన్ని తాకిన తుఫానుకి నా బీరువాల్లోకి చుక్క నీరు రాలేదు. దాంతో నాకు ధీమా పెరిగింది.

ఫైలిన్ రాత్రి

2013 అక్టోబరు 12. గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లకు పైగా గాలి. ప్రభుత్వం ఇంచుమించు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించింది గనక ప్రాణనష్టం తగ్గింది. ఆ మధ్యాహ్నం మా ఆవిడ ఎందుకైనా మంచిదని అప్పడాల స్టీలు డబ్బాలు మూడు ఖాళీ చేసి, నాకు ఇష్టమైన అరవై సి.డి.లు అందులో సర్ది అటక ఎక్కించింది. "ఇదేం చాదస్తం" అన్నాను.

రాత్రి మూడో బీరువా పైనున్న వెంటిలేటరు అద్దం పగిలింది. బీరువా తలుపు తెరుచుకుంది. తెల్లవారి చూస్తే 412 పెట్టెల్లో నీళ్ళు.

సి.డి.లు చాలావరకు బతికాయి. మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాం. ఇంట్లో కాపీ చేసుకున్నవి ముప్పై ఒకటి మాత్రం పొర లేచి పోయాయి. పోయినవి లోపలి పుస్తకాలు. నున్నటి కాగితం తడిసి ఆరితే పేజీలు అతుక్కుని ఇటుకలా అవుతాయి. తడిగా ఉండగానే పేజీ పేజీ విడదీయాలని అప్పుడు నాకు తెలియదు. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను లేదు. ఎవరు వాయించారో తెలియని నాలుగొందల పళ్ళేలు మిగిలాయి. ఇరవై ఏళ్ళ కష్టం ఇలా అయిందని, ఇక ఇవన్నీ ఎవరికైనా ఇచ్చేద్దామని అన్నాను. మా ఆవిడ అటక మీది డబ్బాలు దింపి నా ముందు పెట్టింది. ఆ అరవై పొడిగా ఉన్నాయి. అయినా మనసు కుదుటపడలేదు.

వారం తరవాత, ఇంకా చెట్లు అడ్డంగా పడి ఉన్న వీధిలోంచి మాస్టారు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పద్నాలుగు నోటుపుస్తకాలు. "నంబర్లు చెప్పు భాయీ" అన్నారు. నేను నంబరు చదవడం, ఆయన పేర్లు చెప్పడం, మా ఆవిడ తెలుగులో కార్డు మీద రాయడం. దీపావళి దాకా అదే పని. 412లో 370 దొరికాయి. మిగిలిన 42 ఆయన పుస్తకాల్లో లేవు. ఎందుకు లేవంటే మేము వాటిని ఎప్పుడూ వినలేదు. కొని, నంబరు వేసి, బీరువాలో పెట్టి ఊరుకున్నాను. అది తెలిసినప్పుడు మాస్టారి మొహం చూడడానికి సిగ్గేసింది. ఆయన ఏమీ అనలేదు. "రేపటి ఆదివారం నుంచి ఇవే విందాం" అన్నారు.

ఆ పేర్లు ఇవాళ ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతాయి. పాటలు కూడా ఫోనులోనే వస్తాయని మనవలు చెబుతుంటారు, నిజమే. కాని ఫలానా ఆదివారం, వర్షంలో, కోల్ట్రేన్ వాయిస్తుంటే "నాదస్వరం మా ఊరి గుడి గుర్తు తెచ్చింది" అని ఒక లెక్కల మాస్టారు రాసుకున్నది ఫోనులో ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు

మాస్టారు 2020లో వెళ్ళిపోయారు. నోటుపుస్తకాలు వారి శ్రీమతి నాకే ఇచ్చారు. ఇప్పుడు అవి ఆ స్టీలు డబ్బాల్లో, అటక మీద కాదు, చేతికందే అరలో ఉన్నాయి. ఆదివారం అయిదు గంటలు మాత్రం మారలేదు. వీధిలో కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు వస్తున్నారు. అడిగితే సి.డి.లు ఇంటికి ఇస్తాను, ఒకప్పుడు ఇచ్చేవాణ్ణి కాదు. పదిహేనో నోటుపుస్తకం మా ఆవిడ తెలుగులో మొదలుపెట్టింది. అందులో మొదటి పేజీలో 'టేక్ ఫైవ్' పక్కన "బాగుంది, కాని డ్రమ్ముల భాగం అయ్యేసరికి పప్పు అడుగంటింది" అని ఉంది.

మీ ఇళ్ళల్లో జాజ్ ఉండకపోవచ్చు. ఘంటసాల క్యాసెట్లుంటాయి, పద్యనాటకాల టేపులుంటాయి, బామ్మ పాడిన మంగళహారతి ఏదో పెట్టెలో ఉంటుంది. ఈ ఆదివారం ఒక్కటి బయటికి తీసి, పక్కింటివారిని కూడా పిలిచి వినండి. ఎవరు పాడారో, ఎప్పుడు పాడారో, విన్నప్పుడు ఎవరెవరున్నారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. బరంపురం వచ్చినప్పుడు అయిదింటికి మా ఇంటికి రండి. అప్పడాలు కూడా ఉంటాయి.