శత్రుప్రేమ: సువార్త బోధ, తెలుగు నీతిపద్యం – రాయలసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ద్వేషించే వారికి మేలు చేయాలన్న క్రైస్తవ బోధను వేమన, సుమతీ శతక పద్యాలతో పోల్చి, వాటి సామ్యభేదాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. శత్రువును ప్రేమించడం అన్యాయాన్ని సహించడమేనా అన్న ప్రశ్నను పగలూ రాజీలూ తెలిసిన రాయలసీమ నేపథ్యంలో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: శత్రుప్రేమ, సువార్త, వేమన, సుమతీ శతకం, వెట్టి, రాజీ.

ఉపోద్ఘాతం:

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థులకు వేమన పరాయి కవి కాడు. ఆయన సమాధిగా ప్రసిద్ధమైన కటారుపల్లి ఇదే జిల్లాలో, కదిరి సమీపంలో ఉంది. చేతికి చిక్కిన శత్రువుకు మేలు చేసి పంపమనే వేమన పద్యాన్ని తరగతిలో వివరించినప్పుడల్లా, “అది జరిగే పనేనా సార్?” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అదే ఆదివారం చర్చిలో మత్తయి సువార్త ఐదో అధ్యాయం విన్న విద్యార్థి కూడా ఆ బెంచీల్లోనే ఉంటాడు. రెండు చోట్లా ప్రశ్న ఒక్కటే. జవాబులు మాత్రం ఒక్కటి కావు.

బోధ పూర్వరూపం:

పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. శత్రువును ద్వేషించమన్న మాట మాత్రం ఆ అధ్యాయంలో లేదు. మత్తయి 5:43లో యేసు ఈ రెండింటినీ కలిపి, జనం విన్న మాటగా ప్రస్తావిస్తాడు. కుమ్రాన్ సమాజపు నియమావళిలో ‘చీకటి సంతానాన్ని’ ద్వేషించాలన్న విధి ఉంది కనుక, అటువంటి భావన ఆ కాలంలో ప్రచారంలో ఉన్నదనడానికి ఆధారం లేకపోలేదు. మరోవైపు, శత్రువు ఎద్దో గాడిదో తప్పిపోయి కనబడితే తోలుకువెళ్లి అప్పగించమని నిర్గమకాండం 23వ అధ్యాయం చెబుతుంది. అందువల్ల యేసు బోధను పాత నిబంధనకు పూర్తిగా విరుద్ధమైనదిగా చూపడం సరికాదు. అతడు చేసినది విస్తరణ.

గ్రీకు మూలంలోని క్రియ ‘అగపావో’. ఇది ఇష్టాన్ని కాక, ఎదుటివాని క్షేమాన్ని కోరే సంకల్పాన్ని సూచిస్తుందని వ్యాఖ్యాతలు వివరిస్తారు. తెలుగులో ‘ప్రేమించు’ అనగానే అనురాగం స్ఫురిస్తుంది. పాఠకునికి ఎదురయ్యే చిక్కులో సగం ఈ అనువాద పదంలోనే ఉన్నదనిపిస్తుంది. లూకా 6:27 ఈ చిక్కును కొంత విప్పుతుంది. అక్కడ ప్రేమను వెన్నంటి వచ్చే మాట ‘మేలు’ చేయడం. వేమన వాడిన మాటా అదే.

పద్యాలతో పోలిక:

బద్దెనకు ఆపాదించే సుమతీ శతకంలో ఉపకారికి ఉపకారం చేయడం వింతేమీ కాదని, అపకారికి తప్పులెన్నకుండా ఉపకారం చేసేవాడే నేర్పరి అని చెప్పే పద్యం ప్రసిద్ధం. లూకా 6:32–35లోని వాదనా సరళి ఇదే. తమను ప్రేమించేవారిని పాపులు కూడా ప్రేమిస్తారని మొదట పరస్పరతను తోసిపుచ్చి, ఆ తర్వాతే అసలు విధిని చెప్పడం అక్కడా కనిపిస్తుంది. దీన్ని ప్రభావంగా భావించనవసరం లేదు. ఇచ్చిపుచ్చుకోళ్ల లోకాన్ని దాటదలచిన ఏ నీతి అయినా ఈ మెట్టు ఎక్కక తప్పదు.

భేదమంతా కారణంలో ఉంది. సుమతీకారునికి అది నేర్పు, వ్యక్తి సామర్థ్యం. మత్తయిలో ఆధారం దైవస్వభావం: చెడ్డవారిపైనా మంచివారిపైనా ఒకేలా సూర్యుణ్ణి ఉదయింపజేసే తండ్రిని పోలి ఉండమనడం. వేమన వద్ద మేలుకు ఒక ముల్లు ఉంది. చంపదగిన శత్రువు దొరికినా కీడు చేయక, మేలు చేసి పొమ్మనడమే వానికి చావు అంటాడు. ఇక్కడ మేలు ఒక విధమైన ఆయుధమే.

ఆ ముల్లు క్రైస్తవ గ్రంథంలో లేదనుకోవడం పొరపాటు. రోమీయులకు రాసిన పత్రిక 12:20లో పౌలు, సామెతల గ్రంథం 25వ అధ్యాయాన్ని అనుసరించి, ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టడం అతని తలపై నిప్పులు పోయడమే అంటాడు. ఇది దండనా, సిగ్గా, పశ్చాత్తాపమా అన్న చర్చ నేటికీ తెగలేదు. పగ తీర్చుకోవద్దని దానికి ముందు వాక్యం, మేలుతో కీడును జయించమని తర్వాతి వాక్యం చెబుతున్నందున, దండన అన్న అర్థం అక్కడ పొసగదని నా అభిప్రాయం. వేమన ‘చావు’ను కూడా శత్రుత్వపు చావుగా చదవవచ్చు. అయితే పద్యంలోని కొంటెతనాన్ని పూర్తిగా కడిగివేస్తే వేమన మిగలడు.

చెంప, వెట్టి:

శత్రుప్రేమ బలహీనులకు లొంగుబాటు నేర్పుతుందన్న విమర్శ తేలికగా తీసుకోదగినది కాదు. తరతరాలుగా దెబ్బలు తిన్నవారికి మళ్లీ ఓర్పునే బోధించడంలో క్రూరత్వం ఉంది. ఈ విమర్శకు వాల్టర్ వింక్ 1992లో వెలువడిన ‘ఎంగేజింగ్ ద పవర్స్’ గ్రంథంలో ఇచ్చిన సమాధానం గమనించదగినది. మత్తయి ప్రత్యేకంగా ‘కుడి’ చెంప అంటాడు. లూకాలో ఆ విశేషణం లేదు. ఎదురుగా నిలిచినవాని కుడిచేయి మన కుడి చెంపకు తగలాలంటే అది పెడచేతి దెబ్బ కావాలి. అది పోరాటంలో వేసే దెబ్బ కాదు, యజమాని దాసుణ్ణి అవమానించే దెబ్బ. రెండో చెంప చూపడమంటే ఆ తక్కువతనాన్ని అంగీకరించకపోవడమని వింక్ వాదన.

ఆ వెంటనే వచ్చే మైలు దూరం మాట తెలుగువారికి మరింత దగ్గరిది. మూలంలోని ‘అంగరెవో’ అనే క్రియ, రాజ్యం పేరిట మనుషుల చేత బలవంతంగా బరువు మోయించడాన్ని తెలుపుతుంది. కురేనీయుడైన సీమోను చేత సిలువ మోయించినప్పుడూ (మత్తయి 27:32) ఇదే క్రియ. మన మాటల్లో అది వెట్టి. తెలుగు బైబిలు ‘బలవంతము’ అని అనువదించడం వల్ల ఆ స్ఫురణ జారిపోయింది. ‘వెట్టి’ అని ఉంటే ఈ బోధ విన్న మాలమాదిగ పల్లెలకు అది వేరుగా వినిపించి ఉండేది.

పగ, రాజీ, క్షమ:

రాయలసీమ ఫ్యాక్షన్ చరిత్రకు ధర్మవరం, పెనుకొండ ప్రాంతాల పల్లెలు బయటివి కావు. అక్కడ పగ వ్యక్తిగత ఉద్వేగం మాత్రమే కాదు, ఆస్తిలాగా వారసత్వంగా సంక్రమిస్తుంది. నాయకుల ఆధిపత్యం కోసం అనుచరులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఈ పగలకు పెద్దమనుషులు చూపే మందు రాజీ. రాజీలో శత్రువు క్షేమాన్ని ఎవరూ కోరరు. ఇరుపక్షాల బలం సరితూగినంత కాలమే అది నిలుస్తుంది. సాక్షులు కోర్టులో మాట మార్చడం తరచు దానికి చెల్లించే మూల్యం. చనిపోయిన కూలివాని భార్యను ఆ రాజీలో ఎవరూ అడగరు. కనుక రాజీని శత్రుప్రేమగా పొరబడరాదు.

రెండింటి తేడాకు పొరుగు రాష్ట్రంలో స్పష్టమైన ఉదాహరణ ఉంది. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగుల సేవలో ఉన్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కుమారులు ఫిలిప్, తిమోతిలను వాహనంలో నిద్రిస్తుండగా సజీవదహనం చేశారు. హంతకులను క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ బహిరంగంగా ప్రకటించింది. ఆ క్షమ కేసును ఆపలేదు. 2003లో విచారణ కోర్టు దోషులను నిర్ధారించింది. ప్రధాన నిందితునికి విధించిన మరణశిక్షను హైకోర్టు యావజ్జీవంగా మార్చగా, 2011లో సుప్రీంకోర్టు దానినే ఖాయపరచింది. ఈలోగా గ్లాడిస్ బారిపదలోనే ఉండి, భర్త విడిచిన కుష్ఠురోగుల సేవను 2004 వరకు కొనసాగించింది.