చమురు ఒకవైపు, చెప్పులు మరోవైపు

తీరంలో ఒలికిన చమురును ఎత్తిపోసే హడావుడిలో ఇసుకలోని గుడ్లు నలిగిపోకుండా చూసేదెవరు?

బిలాస్‌పూర్ పక్కనున్న బోద్రీ నుంచి సముద్రం చూడాలంటే ఏ దారిన వెళ్లినా రైల్లో ఓ రాత్రి గడపాల్సిందే. అయినా తీరంలో తేలే చమురు తెట్టు కథను ఇక్కడి పట్టాల పక్కనుంచే మొదలుపెట్టవచ్చు. ఎండలు ముదిరే వేళకు తీతువు పిట్టలు బీడు నేలల్లో, పట్టాల పక్క కంకరలో గుడ్లు పెడతాయి. ఛత్తీస్‌గఢ్‌లో వాటిని టిటహరీ అంటారు. గూడంటూ ఏమీ ఉండదు. నాలుగు రాళ్లు పక్కకు నెట్టి చేసిన చిన్న గుంట, అందులో రాళ్లలో రాళ్లుగా కలిసిపోయే నాలుగు గుడ్లు. రెండడుగుల దూరంలో నిలబడ్డా ఓ పట్టాన కనిపించవు. మనిషి దగ్గరికొస్తే మాత్రం పిట్ట గగ్గోలు పెడుతుంది. ఆ అరుపును మనవాళ్లు అపశకునమన్నారు. నిజానికి గుడ్ల నుంచి మనిషిని దూరంగా తరమడానికి అది పడే తాపత్రయమే ఆ అరుపు.

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్ ప్రాంతంలో స్థిరపడుతూ వచ్చిన తెలుగు కుటుంబాలకు తీతువు కొత్తకాదు. సెలవులకు ఉత్తరాంధ్ర తీరానికి వెళితే అక్కడి ఇసుకలోనూ సరిగ్గా ఇదే పద్ధతిలో గుడ్లుపెట్టే దాని చుట్టాలు ఉంటాయి. కెంటిష్ ప్లోవర్, చిన్న టెర్న్, ప్రాటింకోల్ లాంటివి. తేడా అల్లా ముప్పులోనే. అక్కడ సముద్రం చమురును మోసుకొస్తుంది. దాని వెనకే చమురును ఎత్తడానికి వందలాది మనుషులు, ట్రాక్టర్లు, జేసీబీలు దిగుతాయి. గుడ్లకు ఆ రెండోదీ తక్కువ ప్రమాదమేమీ కాదు.

తెలుగు నేలకు బాగా దగ్గరలో జరిగిన ఉదంతాలు రెండూ ఎన్నూరువే. 2017 జనవరి 28న కామరాజర్ రేవు వెలుపల బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు ఢీకొన్నాయి. మొదట పెద్దగా ఏమీ ఒలకలేదన్నారు. చివరికి లెక్క 196 టన్నులకు చేరింది. మనుషులు బకెట్లతో నల్లటి జిగురును తోడిపోసిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆరేళ్లు గడిచాక, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వరదల్లో మణలి పారిశ్రామిక వాడ నుంచి చమురు బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడినుంచి కొసస్తలై నది మీదుగా ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి వేలు చూపింది చెన్నై పెట్రోలియం శుద్ధి కర్మాగారం వైపు. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. ఈసారీ ముందుగా నీళ్లలోకి దిగింది మత్స్యకారులే, ఈసారీ చేతుల్లో ఉన్నవి మగ్గులూ బకెట్లే. సాయంగా 2,301 కుటుంబాలకు రూ.12,500 చొప్పున, 787 పడవలకు రూ.10 వేల చొప్పున, మరో 6,700 కుటుంబాలకు రూ.7,500 చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

పక్షుల వంతు వచ్చేసరికి లెక్క ఇంత స్పష్టంగా ఉండదు. రెక్కలకు చమురంటిన గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎన్నూరులో కనిపించాయి. అటవీ సిబ్బంది పట్టుకుని శుభ్రం చేద్దామని చూశారు. కానీ ఎగిరే ఓపిక ఉన్న పిట్ట మనిషి చేతికి చిక్కదు. చిక్కేంత నీరసించాక బతకడం కష్టం. పైగా డిసెంబర్ అంటే నేలపట్టులో గూడబాతులు పొదిగే కాలం.

ఇసుకలో గుడ్లుపెట్టే పిట్టల విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 2017లో జనవరి, 2023లో డిసెంబర్. ఈ పిట్టలు గుడ్లు పెట్టేది ఎండాకాలంలో. ఎన్నూరు నుంచి బకింగ్‌హామ్ కాలువ ఉత్తరంగా వెళ్లేది పులికాట్ సరస్సులోకే. చిలకా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు అది, ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. వేసవిలో నీరు ఇంకి నేల బయటపడ్డ చోట ప్లోవర్లు, టెర్న్‌లు గుడ్లు పెడతాయి. అదే ప్రమాదం ఏప్రిల్‌లో జరిగి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఎలా ఉండేదో చెప్పాలంటే ఈ పిట్టల ఓ అలవాటు గురించి తెలియాలి. మండుటెండలో నేల కాలిపోతుంటే అవి నీటి దగ్గరికెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. తీతువులు, ప్లోవర్లు, టెర్న్‌లు అన్నీ చేసే పనే ఇది. మన కూజాకు తడిగుడ్డ చుట్టినట్టన్నమాట. ఆ నీటిమీద చమురు పొర తేలుతుంటే? పిట్ట తెచ్చేది చల్లదనం కాదు. గుడ్డు పెంకుకు సన్నని రంధ్రాలుంటాయి, లోపలి పిండం గాలి పీల్చేది వాటిగుండానే. కొన్ని రకాల చమురు పెంకు మీద కొద్ది మైక్రోలీటర్లు పడినా, అంటే చుక్కలో ఓ వంతు చాలు, పిండం చనిపోతుందని ప్రయోగాలు ఎప్పుడో తేల్చాయి. గూటికి కిలోమీటరు దూరంలో తెట్టు ఆగిపోయినా గుడ్డు క్షేమమని అనుకోవడానికి లేదు.

ఇక శుభ్రం చేసే పని. మనుషులు తిరుగుతున్నంతసేపూ పిట్ట గూటికి రాదు. మధ్యాహ్నపు ఎండలో కాసేపు నీడ లేకపోతే గుడ్లు ఉడికిపోతాయి. పనివాళ్లు పారేసే అన్నం పొట్లాల కోసం కాకులు, కుక్కలు చేరతాయి. పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే పరిగెత్తి నీటి అంచుకు వెళతాయి, సరిగ్గా పనివాళ్లు ఉండే చోటికే. కాబట్టి గూటి చుట్టూ నాలుగు కర్రలు పాతి చేతులు దులుపుకుంటే సరిపోదు.

మెక్సికో సింధుశాఖలో 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది చనిపోయారు. చమురు 87 రోజులు ఎగజిమ్మింది. సరిగ్గా పొదిగే కాలమది. తీరంలో శుభ్రం చేసే బృందాలకు పక్షుల గురించి తెలిసిన పరిశీలకులను తోడిచ్చారు. బండ్లు తడి ఇసుక మీదే వెళ్లాలని, టెర్న్‌ల గుంపులున్న చోట దూరం పాటించాలని నిబంధనలు పెట్టారు. అయినా నష్టం తప్పలేదు. 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థలు ఖరారు చేసిన మదింపు ప్రకారం సుమారు 35 వేల సముద్ర తాబేలు పిల్లలకు హాని జరిగింది చమురు వల్ల కాదు, సహాయ చర్యల వల్ల. తాము చేసిన మంచిపనికి కూడా లెక్క కట్టిన ఆ నిజాయితీ మన దగ్గర కనిపించడం అరుదు.

న్యూజిలాండ్ మరో దారి తొక్కింది. 2011 అక్టోబర్ 5న రీనా అనే ఓడ దిబ్బకు గుద్దుకుని సుమారు 350 టన్నుల చమురు ఒలికినప్పుడు, డాటరెల్ అనే అరుదైన ప్లోవర్లు ఇసుకలో గూళ్లు కట్టే రోజులవి. తెట్టు ఒంటికి అంటకముందే 60 దాకా పిట్టలను పట్టి పంజరాల్లో ఉంచారు. తీరం శుభ్రపడ్డాక ఎక్కువభాగం తిరిగి వదిలారు. ఆ యేటి గుడ్లను వదులుకుని పెద్ద పిట్టలను కాపాడుకోవడమన్నమాట. తేలికైన నిర్ణయమేమీ కాదు. కానీ ఏ పిట్టలు ఎక్కడున్నాయో ముందే తెలిసి ఉండబట్టే తీసుకోగలిగారు.

మన దగ్గర చిక్కు ఇక్కడే వస్తుంది. 1996లో అమల్లోకి వచ్చిన జాతీయ చమురు తెట్టు విపత్తు ప్రణాళికకు కోస్ట్‌గార్డ్ పెద్ద. ఒలికింది 700 టన్నుల లోపైతే మొదటి అంచె, రేవులూ చమురు సంస్థలే చూసుకోవాలి. ఎన్నూరులో 2017 నాటిది ఆ లెక్కన చిన్నదే! గుడ్డుకు మైక్రోలీటర్లు చాలు, ప్రణాళిక టన్నుల్లో మాట్లాడుతుంది. పైగా తెట్టు ఒడ్డు చేరగానే బాధ్యత రాష్ట్రానికి, జిల్లా యంత్రాంగానికి చేతులు మారుతుంది. కూలీలను పిలిచేది ఒకరు, ట్రాక్టర్ పంపేది మరొకరు, పక్షుల గురించి తెలిసిన అటవీ శాఖ వచ్చేది ఇంకోవైపు నుంచి. బండిని ఫలానా చోట ఆపమనే అధికారం ఒక్కరి చేతిలో, పని మొదలవకముందే ఉండాలి. తెల్లవారుజామున తీరం నడిచి గూళ్లు గుర్తించి, కాకులు పసిగట్టకుండా కాస్త దూరంగా గుర్తులు పాతి, ఆ తర్వాతే మనుషులను దించాలి. ఇందుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. విశాఖలో చమురు శుద్ధి కర్మాగారం, కృష్ణా-గోదావరి బేసిన్‌లో బావులు, కాకినాడ, కృష్ణపట్నం రేవులు ఉన్న తీరానికి ఇది అతిజాగ్రత్త కూడా కాదు.

గూళ్లకు కాపలా కాయడం మన అటవీ సిబ్బందికి తెలియని విద్య కూడా కాదు. బిలాస్‌పూర్ మీదుగా పారే అర్పా శివనాథ్‌లో, శివనాథ్ మహానదిలో కలుస్తాయి. ఆ నీళ్లు కటక్ దగ్గర ముండలి చేరేచోట ఇసుక దిబ్బల మీద ఇండియన్ స్కిమ్మర్ అనే అరుదైన పిట్ట గుడ్లు పెడుతుంది. కుక్కలు, పశువులు దిబ్బలెక్కకుండా అక్కడ ఒడిశా అటవీ సిబ్బంది కాపలా కాశారు. అదే మహానది కాస్త ముందుకెళ్లి సముద్రంలో కలిసేది పారదీప్ దగ్గర. అక్కడో పెద్ద రేవు, పక్కనే ఓ చమురు శుద్ధి కర్మాగారం ఉన్నాయి.