నూనె, నెయ్యి, నరముల వ్యాధి

చంద్రగిరి వైపు సభ్యుడొకరు ఇటీవల మాయొద్దకు వచ్చి, "అయ్యా, మా చెల్లెలికి 30 ఏండ్లు. మొదట ఒక కన్ను మసకబారెను. పిదప కాలు తిమ్మిరెక్కి నడక తూలుచున్నది. వైద్యులు మల్టిపుల్ స్క్లిరోసిస్ అనిరి. ఒకాయన, ఇది చెనక్కాయనూనె వలన వచ్చినదనియు, మందులు మాని తానిచ్చు నూనెను త్రాగవలెననియు చెప్పుచున్నాడు. పాడియావును అమ్మి దానిని కొనవలయునా?" అని యడిగిరి. ఈ ప్రశ్న మన పంటకును మన యింటికిని సంబంధించినది గావున ఇచట ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

మోటారుతీగకు తొడుగున్నట్లే నరములకును తొడుగు కలదు. అందు నీరు పోగా మిగిలిన దానిలో అధికభాగము క్రొవ్వే. శరీరమును కాపాడవలసిన బలమే పొరబడి ఆ తొడుగును పాడుచేయుట ఈ వ్యాధి. కావలికుక్క తన దొడ్డిలోని గొఱ్ఱెనే కరచినట్లు. ఇది అంటువ్యాధి కాదు. చల్లని ఉత్తరదేశములలో హెచ్చు, మన దేశమున తక్కువ. పురుషులకంటె స్త్రీలకు ఎక్కువ.

తొడుగు క్రొవ్వుతో నైనది గనుక, తిను క్రొవ్వునకును వ్యాధికిని సంబంధ ముండునా యని కొందరు వైద్యులు విచారించిరి. నార్వే దేశమున పాలు, వెన్న విరివిగా వాడు లోపలి సేద్యపు సీమలలో వ్యాధి హెచ్చనియు, చేపలు తిను సముద్రతీరమున తక్కువయనియు రాయ్ స్వాంక్ అను వైద్యుడు 1952లో ప్రకటించెను. అంతకు మునుపే 1948లో, కెనడాలోని మాంట్రియాల్ నగరమున రోగులచే పథ్యము చేయింప మొదలిడెను. 144 మందిని 34 సంవత్సరములు కనిపెట్టి, పేరుకొను క్రొవ్వును దినమునకు 20 గ్రాములు మించక తినినవారు మేలుగా నుండిరని 1990లో తెలిపెను.

అయితే క్రొత్త యెరువును పరీక్షించునపుడు ప్రక్కనే ఎరువు వేయని మడి నుంచుదుము గదా! స్వాంక్ పరీక్షలో అట్టి మడి లేదు. పథ్యము తప్పినవారు వ్యాధి ముదిరినందుననే తప్పిరేమో చెప్పజాలము. పిదప ప్రొద్దుతిరుగుడునూనెతోను, చేపనూనెతోను జరిగిన పరీక్షలు నిశ్చయమైన మేలు చూపలేదు.

చెనక్కాయనూనె ఈ వ్యాధిని కలిగించునని ఎవ్వరును నిరూపింపలేదు. అందు పేరుకొను క్రొవ్వు 100కి సుమారు 20 పాళ్లు; నేతిలో 60కి పైమాట. కావున నెయ్యి మితముగా వాడుడు. వనస్పతిని మానుడు. కాచిన నూనెనే మరల మరల కాచకుడు. కాయలను బాగుగ ఎండబెట్టి, బూజుపట్టిన గింజల నేరివేసి, పిదపనే గానుగకు పంపుడు. బూజువిషము కాలేయమునకు చేటు. ఈ జాగ్రత్తలు గుండెకును కాలేయమునకును మేలే గాని, నరముల వ్యాధికి మందు కావు.

వ్యాధి మరల మరల విజృంభింపకుండ తగ్గించు మందులు నేడు కలవు. తిరుపతిలోని స్విమ్స్‌లోను, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను నరముల వైద్యులు కలరు. ఆ సభ్యునితో మేము చెప్పినది ఇంతే: ఆవు నమ్మవలదు, వైద్యు నడుగక మందు మాన్పవలదు. చూపు మసకబారినను, కాళ్లు తిమ్మిరెక్కి తగ్గకున్నను, తక్కిన సభ్యులును జాగుచేయక వైద్యుని చూడవలయును.