పిండినల్లికి పగవాడు, రైతునకు మిత్రుడు

హైదరాబాదు పరిసరములందు పందిళ్లు వేసి అనాబెషాహి ద్రాక్ష పండించిన సోదరులకు పిండినల్లిని గూర్చి వేరుగ చెప్పబనిలేదు. పిండి చల్లినట్లు తీగలపైనను, కణుపులయందును, తుదకు గుత్తుల లోపలను చేరి యది రసమును పీల్చును. అది విసర్జించు తేనెవంటి జిగటపై నల్లని మసి తెగులు వ్యాపించును. అట్టి గుత్తిని వర్తకుడు చేతబట్టడు. ఏడాది పడిన శ్రమయు, పెట్టిన సొమ్మును కోతనాటికి వ్యర్థమగును.

మందు చల్లిన చావదా యని యడుగవచ్చును. నల్లి యొంటిని మైనపు పొడి కప్పియుండును. గ్రుడ్లు దూదివంటి సంచిలో నుండును. పురుగు ముదురు బెరడు క్రింద దాగును. కావున మందు దానికి చక్కగ తగులదు. కోతకు ముందు చల్లిన మందు పండ్లపై నిలిచి తినువారికి కీడు చేయవచ్చును.

ఈ నల్లికి సహజ శత్రువొకటి కలదు. అది ఆస్ట్రేలియా దేశపు అక్షింతల పురుగు. దానిని శాస్త్రజ్ఞులు క్రిప్టోలీమస్ అందురు. ఆల్బర్ట్ కోబెలె యను శాస్త్రజ్ఞుడు 1891-92 సంవత్సరములలో దీనిని కాలిఫోర్నియాకు గొనిపోయెను. కాఫీ తోటలలోని పొలుసు పురుగు నణచుటకై 1898లో మన దేశమునకు తేబడెను. పిమ్మట బెంగుళూరునందలి భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవారు ద్రాక్షతోటలలో దీనిని పరీక్షించి మంచి ఫలితమును గాంచిరి.

పెద్ద పురుగు మిరియపు గింజంత యుండును. రెక్కల పెంకు నలుపు. తలయు రొమ్మును నారింజ వన్నె. ఇది నల్లి గ్రుడ్ల సంచుల చెంతనే తన గ్రుడ్లను పెట్టును. వానినుండి వెడలిన పిల్లపురుగులు నల్లి గ్రుడ్లను, పిల్లలను తిని పెరుగును. గ్రుడ్డు పెంకుపురుగగుటకు సుమారొక నెల పట్టును.

ఇచ్చటనే రైతులు పొరబడుదురు. ఈ పిల్లపురుగు ఒడలెల్ల తెల్లని మైనపు కుచ్చులతో నుండి పిండినల్లివలెనే కనబడును. దానిని జూచి "నల్లి మరింత పెరిగినది" అని నలిపివేయువారును, మందు చల్లువారును గలరు. పరీక్షగ జూడుడు: ముదిరిన పిల్లపురుగు నల్లికంటె మూడు నాలుగింతలు పెద్దది, కుచ్చులు పొడవైనవి, తాకినచో చురుకుగ నడచును. నల్లి గుంపుగ నొకచోట నంటుకొని మందముగ కదలును.

చేయవలసిన పద్ధతి యిది. కొమ్మలు కత్తిరించిన పిమ్మట వదులైన బెరడు నొలిచి, తోట వెలుపల కాల్చివేయవలెను. చీమల పుట్టలను వెదకి నిర్మూలింపవలెను. ఏలయన చీమలు జిగటకై నల్లిని కాపాడుచు మిత్రపురుగులను తరుమును. నల్లి గనబడిన తీగలపై సాయంకాలమున తీగకు 10 పెంకుపురుగుల చొప్పున విడువవలెను. విడుచుటకు ముందును వెనుకను పురుగుమందు చల్లరాదు. ఈ పురుగులను ప్రయోగశాలలలో గుమ్మడికాయలపై నల్లిని పెంచి, దానిని మేపి వృద్ధిచేయుదురు.

మందు విషయమున కాలిఫోర్నియా కథ మనకు గుణపాఠము. అచ్చటి నారింజ తోటలను తెల్లని పొలుసు పురుగు పాడుచేయుచుండగా 1888-89లో ఆస్ట్రేలియానుండి వేరొక అక్షింతల పురుగును దెచ్చి విడిచిరి. కొలదికాలములోనే తోటలు కోలుకొనెను. 1945 తరువాత డి.డి.టి. చల్లగా మిత్రపురుగు నశించి, పాత శత్రువు మరల విజృంభించెను.

పురుగునకు గట్టు తెలియదు. మనము మిత్రుని విడిచిన దినముననే పొరుగువాడు మందు చల్లినయెడల గాలివెంట వచ్చిన మందుచే మన పురుగులును చచ్చును. కావున ఈ పని యొంటరిగ సాగునది కాదు. తోటలు కలిసియున్న సభ్యులు సంఘమునందు కూర్చుండి, పురుగులను కలసి తెప్పించుకొని, ఒకే వారమున విడిచి, మందు మానుటకు మాట యిచ్చిపుచ్చుకొనవలెను. అంతకుముందు ప్రతివాడును తన పందిరి క్రింద నిలిచి, తెల్లగ కనబడునదెల్ల శత్రువు కాదని తెలిసికొనుట మొదటి కర్తవ్యము.