చెవి పోటు కాదు, దవడ కీలు నొప్పి కావచ్చు

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవండి. అక్కడ కదిలేదే దవడ కీలు. ఈ నొప్పిని చాలామంది చెవి పోటు అనో, పంటి నొప్పి అనో అనుకుంటారు. బాగున్న పన్ను పీకించుకున్నా ఇది పోదు.

టెన్షన్‌, పళ్లు బిగపట్టడం, నిద్రలో కొరకడం దీన్ని పెంచుతాయి. నెలల తరబడి ఉన్నా చాలామందికి ఆపరేషన్‌ అక్కర్లేదు. నొప్పి ఎక్కువైన రోజుల్లో ఖిచిడీ, పెరుగన్నం లాంటి మెత్తటివే తినండి. గోరువెచ్చని కాపడం పెట్టండి. ఊరికే ఉన్నప్పుడు పెదాలు కలిసినా పళ్లు కలవకూడదు. అవసరమైతే డెంటిస్టు రాత్రిపూట పెట్టుకునే నైట్‌ గార్డ్‌ ఇస్తారు.

ఒక్క జాగ్రత్త. గుట్కా, వక్కలు నమిలేవారికి నోట్లో మంట ఉండి, నోరు 3 వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోతే అది క్యాన్సర్‌కు దారితీసే వేరే జబ్బు కావచ్చు. ఆలస్యం చేయకుండా చూపించుకోండి.