గడ్డను కరిగించే సూది – కోసేది మన రక్తమే



గుండెపోటుతో వచ్చిన వారికి సూది వేస్తున్నామని చెప్పగానే ఇంటివాళ్లు అడిగే మాట ఒకటే. "సిస్టరమ్మా, ఈ మందు గడ్డను కరిగిస్తుందా?" నిజానికి మందు తానుగా గడ్డను కోయదు. కోసే పనివాడు మన రక్తంలోనే ఉన్నాడు. పేరు ప్లాస్మినోజెన్. మందు చేసేది అతన్ని నిద్ర లేపడమే.

ప్లాస్మినోజెన్ కాలేయంలో తయారయ్యే ఒక ప్రొటీన్. దానిలో ఐదు మెలికలు ఉంటాయి. వీటిని క్రింగిల్స్ అంటారు. అది ఉత్తర ఐరోపాలో మెలితిప్పి చేసే ఒక రొట్టె పేరు. మనం జంతికను తలచుకుంటే చాలు. రక్తపు గడ్డ అంటే ఫైబ్రిన్ అనే దారాల వల. ఆ దారాల మీద లైసిన్ అనే కొనలు ఉంటాయి. జంతికలు వాటినే పట్టుకుంటాయి.

రక్తంలో తిరిగేటప్పుడు ప్లాస్మినోజెన్ ముడుచుకొని ఉంటుంది. ఆ ముడుపు ఎలా ఉంటుందో 2012లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు పూర్తిగా చూపించారు. లైసిన్‌ను పట్టుకోగానే అది విప్పుకుంటుంది. అప్పుడు రక్తనాళపు గోడ నుండి వచ్చే టి.పి.ఎ. దాన్ని ఒక్కచోట కోస్తుంది. అంతే, అది ప్లాస్మిన్ అనే కత్తెర అవుతుంది. కత్తెర వలను కోసేకొద్దీ కొత్త లైసిన్ కొనలు బయటపడతాయి, ఇంకా ప్లాస్మినోజెన్ వచ్చి చేరుతుంది.

మరి గుండెలోని గడ్డ దానంతట అదే ఎందుకు పోదు? శరీరం ఈ పనిని నిదానంగా చేస్తుంది. గుండె కండరం అంతసేపు ఆగలేదు. పైగా సమయం గడిచేకొద్దీ దారాలు ఒకదానికొకటి ముడిపడి గడ్డ గట్టిపడుతుంది. అందుకే మొదటి రెండు మూడు గంటల్లో వేసిన సూది చేసినంత మేలు తరువాత వేసినది చేయదు. 12 గంటలు దాటితే సాధారణంగా వేయరు.

మన వెలుగోడు చుట్టుపక్కల పల్లెల్లో జరిగేది వేరు. రాత్రి రొమ్ము నొప్పి వస్తే గ్యాస్ అనుకొని సోడా తాగి, తెల్లవారి బస్సుకు నంద్యాల పోదాం అనుకుంటారు. ఆ విలువైన గంటలు ఇంట్లోనే పోతున్నాయి. చెమటలు పడుతూ, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇ.సి.జి. తీయడానికి ఐదు పది నిమిషాలు చాలు.

పాత మందు స్ట్రెప్టోకైనేజ్. గొంతునొప్పి తెచ్చే క్రిమి జాతి నుండి 1933లో అమెరికాలో టిల్లెట్ దీన్ని కనుగొన్నారు. మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ కూడా దీన్ని తయారు చేశాయి. ఇది గడ్డ దగ్గరే కాక రక్తమంతటా ప్లాస్మినోజెన్‌ను లేపుతుంది, కాబట్టి రక్తస్రావం భయం ఉంది. క్రిమి నుండి వచ్చినది గనుక శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండవసారి వేయరు. టెనెక్టెప్లేస్ ఎక్కువగా గడ్డ దగ్గరే పనిచేస్తుంది, బరువును బట్టి ఒక్కసారి ఇస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో దీన్ని ఉచితంగా ఇవ్వడం ప్రారంభించారు.

కాన్పు తరువాత రక్తం ఆగనప్పుడు ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. అది లైసిన్‌ను పోలి ఉండి జంతికల్లో ముందే కూర్చుంటుంది, కత్తెర గడ్డను అందుకోలేదు. 20,000 మందికి పైగా తల్లుల మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, 3 గంటల లోపు ఇస్తేనే ఎక్కువ మేలు అని తేలింది.

క్యాజువాల్టీకి రాగానే ఇవి దాచకుండా చెప్పండి: ఇదివరకు పక్షవాతం వచ్చిందా, ఈ మధ్య ఆపరేషన్ అయిందా, మలం నల్లగా పోతోందా, రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్నారా, స్ట్రెప్టోకైనేజ్ ఎప్పుడైనా వేయించుకున్నారా. పాత డిశ్చార్జి చీటీ ఉంటే వెంట తీసుకురండి.