నవోదయ ప్రవేశపరీక్షకు బిడ్డలను సిద్ధపరచు విధము

అయిదవ తరగతి చదువు బిడ్డలుగల తలిదండ్రులు పలువురు జవాహర్ నవోదయ విద్యాలయముల ప్రవేశపరీక్షనుగూర్చి మమ్ము ప్రశ్నించుచుందురు. ఆ పరీక్ష యెట్టిది, దానికి బిడ్డల నెట్లు సిద్ధపరుపవలెను, అట్లు చేయునప్పుడు ఏయే పొరపాట్లకు చోటీయరాదు అను విషయముల నిచ్చట వివరింపదలచితిమి. పై తరగతుల విద్యార్థులును దీనిని చదువుట మంచిది. ఏలయన, ఇండ్లయందు తమ్ములకును చెల్లెండ్రకును చదువు చెప్పువారు తరచుగా వారే.

పల్లెలలోని బీదబిడ్డలకు మేలైన విద్య నొసగవలెనను తలంపు తెలుగుదేశమున ముందుగనే మొలకెత్తినది. 1971వ సంవత్సరమున నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాల నెలకొల్పబడెను. అప్పుడు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన శ్రీ పి.వి. నరసింహారావుగారు 1985లో కేంద్ర మానవవనరుల అభివృద్ధిశాఖకు మంత్రియైరి. 1985-86లో హర్యానాలోని ఝజ్జరునందును, మహారాష్ట్రలోని అమరావతియందును మొదటి రెండు నవోదయ విద్యాలయములు ప్రారంభమయ్యెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము వీనిని దేశమందంతట విస్తరింప నుద్దేశించెను. ఇందు బాలబాలికలు 6వ తరగతి మొదలు 12వ తరగతివరకు అచ్చటనే నివసించి చదువుకొందురు. భోజనము, వసతి, పాఠ్యపుస్తకములు, దుస్తులు విద్యాలయమే యిచ్చును. స్థానములలో నూటికి 75కు తక్కువకాకుండ గ్రామీణులకును, మొత్తములో మూడవవంతు బాలికలకును ప్రత్యేకింపబడినవి. ఒక్కొక్క విద్యాలయమున 6వ తరగతికి సాధారణముగా 80 స్థానములకు మించియుండవు గనుక పోటీ మిక్కిలి తీవ్రము.

పరీక్షకాలము రెండు గంటలు, ప్రశ్నలు 80, మార్కులు 100. ఇందు మానసిక సామర్థ్యమునకు 40 ప్రశ్నలు, 50 మార్కులు. అంకగణితమునకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. ప్రతి ప్రశ్నక్రిందను నాలుగు జవాబు లిచ్చి, సరియైనదానిని గుర్తింపుమందురు. తెలుగు మాధ్యమమున చదువు బిడ్డలు తెలుగునందే పరీక్ష వ్రాయవచ్చును. కావున ఆంగ్లము రాదని వెనుదీయ నక్కరలేదు.

మానసిక సామర్థ్యమున బొమ్మలే ప్రధానము. గుంపులో చేరని బొమ్మ యేది, వరుసలో తరువాతి బొమ్మ యేది, అద్దమున ఇది యెట్లు కనబడును అని యడుగుదురు. వీనికి కంఠస్థము చేయుట వలన ప్రయోజనము లేదు. చేతితో చేసి చూచుటయే మార్గము. చతురస్రాకారపు కాగితమును రెండుసార్లు మడచి, నడిమిభాగమున ఒక రంధ్రము చేయుడు. విప్పకమునుపే, ఎన్ని రంధ్రము లేయే చోటుల నుండునో బిడ్డను చెప్పుమనుడు. పిదప విప్పిన, నాలుగు రంధ్రములు కనబడును. ఇట్లు పదిమార్లు చేసిన బిడ్డకు పుస్తకమునందలి బొమ్మ తానుగా మనస్సున విప్పుకొనును. ఇందులకు కావలసినది పాతకాగితము, చేతి యద్దము మాత్రమే.

అంకగణితమున తప్పు జవాబులును ఆలోచించియే కూర్పబడుచుండును. ఒక వర్తకుడు 800 రూపాయలకు గడియారము కొని 920 రూపాయల కమ్మిన, లాభము నూటికెంత? లాభము 120 రూపాయలు. దానిని కొన్నవెలతో పోల్చిన నూటికి 15 వచ్చును. తొందరపడి అమ్మినవెలతో పోల్చు బిడ్డకు నూటికి సుమారు 13 వచ్చును. అట్టి జవాబును నాలుగింటిలో నొకటిగా నుండవచ్చును. సూత్రమును వల్లించినవాడు పొరబడవచ్చును గాని, వర్తకుడు పెట్టిన సొమ్మెంతయో తలచినవాడు పొరబడడు. కావున ప్రతి లెక్కకును “ఇట్లేల చేసితివి?” అని యడుగుట అలవాటు చేసికొనవలెను.

భాషలో గద్యభాగమును చదివి, అర్థము గ్రహించి జవాబు చెప్పవలెను. దీనికి దినమున కొక చిన్నకథ చదివించి, స్వంతమాటలతో చెప్పించిన చాలును. చదువురాని తల్లియైనను కూర్చుండి కథ వినవచ్చును. ఆమె వినుటయే బిడ్డకు పాఠము.

జవాబులను ఓ.ఎం.ఆర్. పత్రముపై బాల్‌పెన్నుతో వృత్తములను నింపి గుర్తింపవలెను. పెన్సిలు పనికిరాదు, దిద్దుటకు వీలులేదు. ఒక ప్రశ్నను విడిచి, దాని వృత్తమును విడువ మరచిన, ఆపైని జవాబులన్నియు తారుమారగును. కావున పరీక్షకుముందే అట్టి పత్రములపై అభ్యాసము చేయించుట యవసరము. తప్పు జవాబులకు మార్కులు తగ్గింపరు గనుక ఏ ప్రశ్నను ఖాళీగా విడువరాదు. ప్రశ్న కొకటిన్నర నిమిషమే కాలము. కష్టమైనదానిని దాటిపోయి, చివర మరల చూచుట నేర్పవలెను.

ఇక తలిదండ్రులకు మా మనవి. 6వ తరగతికై జరుగు ఈ పరీక్షను రెండవసారి వ్రాయుటకు అనుమతి లేదు. ఈ కారణముననే కొందరు బిడ్డలను బడి మాన్పించి, ఈ పరీక్షకొరకే రేయింబవళ్లు శ్రమపెట్టుచున్నారు. ఇది రెండు విధముల నష్టము. ఆ సంవత్సరమంతయు గుర్తింపుపొందిన పాఠశాలలో అయిదవ తరగతి చదువుచుండుట పరీక్షకు నియమము; బడి మాన్పించిన అర్హతకే భంగము. మరియు మిగిలిన పాఠములు వెనుకబడిన బిడ్డ, ఎన్నిక కానియెడల రెంటికిని చెడును. బడిచదువుతోపాటు దినమున కొక గంట శ్రద్ధతో చేసిన అభ్యాసము చాలును.

వ్రాసినవారిలో ఎన్నిక కానివారే యెక్కువమంది. పదియేండ్ల బిడ్డను ఈ యొక్క పరీక్షనుబట్టి మందమతి యనుట అన్యాయము. ఖాళీలున్నయెడల 9వ తరగతిలో ప్రవేశమునకు వేరొక పరీక్ష జరుగును. అది యట్లుండ, కాగితము మడచి చూచినవాడు, లెక్కకు కారణము చెప్పనేర్చినవాడు, కథను గ్రహించి చెప్పగలవాడు ఏ ఉన్నతపాఠశాలలో చేరినను ముందునకే పోవును. ఎన్నికయైనను కాకున్నను బిడ్డకు మిగులు చదువే సరియైన సంసిద్ధత యని మా యభిప్రాయము. ఫలితములు వెలువడు దినమున ఈ మాటను తలిదండ్రులు జ్ఞప్తియం దుంచుకొందురుగాక.